పడిపోయిన మాట

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. అందులో ఎక్కువ కాలం రాజమండ్రి నుంచి కాకినాడకి కాలవ రోడ్డు మీదే డ్యూటీ. రోజంతా బస్సులో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు. అన్నం తింటుండగా అమ్మ ఏదైనా అడిగితే తలూపి ఊరుకునేవారు. రిటైరయ్యాక మాత్రం పాత బాకీ తీర్చుకుంటున్నట్టు మాట్లాడటం మొదలెట్టారు. అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాళ్ళనీ ఆపి, ఎక్కడికి, ఏ బస్సుకి, మళ్ళీ ఎప్పుడొస్తావు అని ఆరా తీసేవారు. 2017 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆ మాటలన్నీ పోయాయి. ఒక్కటి మిగిలింది. అది "రైట్".

ఆ పొద్దున ఆరున్నరకి ఆయన అరుగు మీద పేపరు చూస్తున్నారు. అమ్మ టీ గ్లాసు అందించింది. కుడిచేత్తో పుచ్చుకున్నారు, గ్లాసు జారి గచ్చు మీద పడింది. ఆయన గ్లాసు వైపు చూళ్ళేదు. తన చేతి వైపు చూసుకున్నారు, అదెవరిదో అన్నట్టు. "ఏవండీ, ఏమైంది?" అని అమ్మ అడిగితే ఏదో అన్నారు. మాటలాగే వినపడింది గానీ మాట కాదు. మూతి ఎడమ పక్కకి లాగేసి ఉంది.

తర్వాత మేం చేసినవన్నీ వరసగా చెబుతాను. చెప్పుకోవడానికి బాధగానే ఉంటుంది, అయినా చెప్పాలి. ముందు మంచినీళ్ళు పట్టాం. పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యారు. వీధిలోవాళ్ళు పోగయ్యారు. గాలి సోకిందన్నారు ఒకరు. పావురం రక్తం రాస్తే ఒళ్ళు వేడెక్కి లేస్తాడన్నారు ఇంకొకరు. ఫలానా ఊళ్ళో ఆకుపసరు పోస్తారు, మూడు వారాలు పత్యం ఉంటే చాలన్నారు మరొకరు. ఊరి డాక్టరు వచ్చి బీపీ చూసి, ఎక్కువగా ఉందని నాలుక కింద ఒక మాత్ర పెట్టి, కాసేపు పడుకోబెట్టండి, అదే సర్దుకుంటుందన్నాడు. పడుకోబెట్టాం. ఎనిమిదిన్నరకి కూడా చెయ్యి లేవలేదు. ఆటోలో పక్క ఊరి నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళాం. అక్కడ స్కానింగు లేదు. సెలైన్ ఎక్కించి, రెండు గంటలు ఉంచి, పట్నం తీసుకెళ్ళమన్నారు. పట్నంలో పెద్ద ఆసుపత్రి మెట్లెక్కేసరికి పన్నెండున్నర.

అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న నాకింకా చెవుల్లో ఉంది. "ఈయన్ని చివరిసారి మామూలుగా ఎవరు చూశారు? ఎన్నింటికి?" ఆరున్నరకి అని అమ్మ చెప్పింది. ఆయన గోడ మీది గడియారం చూశారు. కాసేపు ఏమీ అనలేదు.

ఆ చూపుకి అర్థం నాకు తర్వాత తెలిసింది. మెదడుకి నెత్తురు మోసే నాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షను ఒకటుంది. అది పనిచేస్తుందని అమెరికాలో 1995లో రుజువైంది. అప్పట్లో మూడు గంటల లోపు ఇవ్వాలన్నారు. 2008లో మరో పరిశోధన దాన్ని నాలుగున్నర గంటలకి పొడిగించింది. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి 2015 నుంచి గట్టిగా నిలబడింది. దానికి మామూలుగా ఆరు గంటల గడువు. కొందరికి మాత్రం స్కానింగులో మెదడు ఇంకా మిగిలి ఉందని కనిపిస్తే ఇరవై నాలుగు గంటల దాకా చెయ్యొచ్చంటారు. అయితే వీటన్నిటికీ ముందు స్కానింగు చెయ్యాలి. ఎందుకంటే స్ట్రోక్ రెండు రకాలు: నాళం మూసుకుపోవడం, నాళం చిట్లిపోవడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిదానికి ప్రాణం పోసే ఇంజెక్షను రెండోదానికి ప్రాణం తీస్తుంది. నాలుక కింద మాత్ర పెట్టి బీపీని ఉన్నపళంగా దించడం కూడా చెయ్యకూడని పనేనట. ఆకలితో ఉన్న మెదడుకి ఆ కాస్త నెత్తురూ అందకుండా చెయ్యడమే అవుతుంది.

నేను లెక్కల టీచర్ని. పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో, వైద్యం అందకపోతే, సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అమెరికన్ న్యూరాలజిస్టు లెక్కకట్టాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని మా ఆరు గంటల్ని దాంతో గుణించాను. 68 కోట్ల 40 లక్షలు. ఆ లెక్క చెయ్యకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు మా బళ్ళో పదో తరగతి పిల్లలకి అదే లెక్క ఏటా ఒకసారి చేయిస్తున్నాను.

ఇంకో సంగతి. అంతకుముందు నెలలోనే ఒకసారి నాన్న కుడిచెయ్యి పది నిమిషాలు మొద్దుబారి, మళ్ళీ దానంతటదే మామూలైంది. తిమ్మిరనుకున్నాం. అది రాబోయేదాని కబురని మాకు తెలీదు. బీపీ మాత్రలు ఆపేసి అప్పటికే రెండు నెలలు. "బాగానే ఉన్నానుగా, ఊరికే మింగడమెందుకు" అన్నారు. బాగానే ఉన్నది ఆ మాత్రల వల్లేనని ఆయనకి గట్టిగా చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు.

మన భాషలో చెయ్యి పడిపోయింది అంటాం, కాలు పడిపోయింది అంటాం, మాట పడిపోయింది అంటాం. నడక నేర్చుకునే పిల్లాడు పడిపోతాడు, వానకి గోడ పడిపోతుంది, గాలికి అరటిచెట్టు పడిపోతుంది. అన్నిటికీ అదే క్రియ. పడిపోయినదాన్ని లేవనెత్తడం మనకి అలవాటు. ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆ క్రియే నన్ను నిలబెట్టింది. చచ్చిపోలేదు, పడిపోయింది. లేపుకోవచ్చు.

కానీ ఎక్కడ పడిందో తెలియకపోతే ఎక్కడ వెతుకుతాం? నాన్న చేతికి ఏమీ కాలేదు. ఎముక, కండ, చర్మం అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి. నాలుక్కీ, గొంతుకీ ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది తలలో, ఎడమ పక్కన. శరీరం కుడిసగానికి ఆజ్ఞలు ఎడమ మెదడు నుంచి వస్తాయి. మనలో ఎక్కువమందికి భాష కాపురం కూడా అక్కడే. అందుకే కుడిచెయ్యి పడిపోయినవాళ్ళకి మాట కూడా పోవడం ఎక్కువ.

ఈ సంగతి లోకానికి తెలియడానికి కారణమైన మనిషి కథ చదివినప్పుడు నాన్నే గుర్తొచ్చారు. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే ఆయన 21 ఏళ్ళు ఉన్నాడు. అన్నీ అర్థమయ్యేవి, కానీ నోటి వెంట "తాఁ" అనే ఒక్క ముక్కే వచ్చేది. అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. 1861లో ఆయన చనిపోయాక పాల్ బ్రోకా అనే సర్జను మెదడు తీసి చూస్తే, ఎడమ పక్క ముందు భాగంలో గాయం కనిపించింది. భాషకి మెదడులో ఒక చోటుందని పండితులు నమ్మడం అక్కడి నుంచే. నాకు మాత్రం ఆ మెదడు కన్నా ఆ 21 ఏళ్ళే మనసులో తిరుగుతుంటాయి. ఆ ఒక్క ముక్కని ఆయన ఎన్ని రాగాల్లో పలికి ఉంటాడు! వినేవాళ్ళలో ఎవరికైనా ఆ తేడా తెలిసేదా?

మా ఇంట్లో అమ్మకి తెలిసింది. "రైట్" అని మెల్లగా సాగదీస్తే దాహం. పొడిగా అంటే ఫ్యాను. "రైట్ రైట్" అని గబగబా అంటే బాత్రూముకి. రాత్రి దీపం తీసేముందు అమ్మ చెయ్యి పట్టుకుని ఒక "రైట్" అనేవారు, దానికి అర్థం మేం అడగలేదు.

నాకూ తమ్ముడికీ అది తెలియడానికి ఒక గొడవ జరగాల్సి వచ్చింది. ఆసుపత్రి అప్పు తీర్చడానికి కాలవ గట్టు పక్కనున్న అరెకరం అమ్మేద్దామని నాన్న మంచం పక్కనే కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఆయనకేం తెలుస్తుందిలే అనే లోపల అనుకున్నామేమో. బేరం ఎంతకి తేలుతుందో తమ్ముడు చెబుతుండగా నాన్న ఎడమచేత్తో మంచంపట్టె మీద కొట్టారు. "రైట్! రైట్! రైట్!" కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెబుతున్నది "వద్దు" అని. అవునుకీ కాదుకీ ఒక్కటే మాట మిగిలిన మనిషి, ఆ ఒక్క మాటతోనే మమ్మల్ని ఆపారు. ఆ అరెకరం ఇప్పటికీ ఉంది.

చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఆయనకి చెవుడొచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడేవారు. లేకపోతే ఆయన తల మీదుగా అమ్మని అడిగేవారు: "అన్నం తింటున్నాడా? గుర్తుపడుతున్నాడా?" ఒక పెద్దాయన మంచి మనసుతోనే పలకా బలపం తెచ్చిచ్చారు. "దేవులపల్లి కృష్ణశాస్త్రి గారికి గొంతు పోతే కాగితాల మీద రాసి మాట్లాడలేదూ? రాయమనండి" అన్నారు. నాన్న ఎడమచేత్తో బలపం పట్టుకుని చాలాసేపు ప్రయత్నించారు. ఒక గీత, ఒక సున్నా, మళ్ళీ ఒక గీత. పలక పక్కన పెట్టేసి గోడ వైపు తిరిగారు. కృష్ణశాస్త్రి గారికి పోయింది గొంతు. లోపల భాష చెక్కుచెదరలేదు, అందుకే చేతిలోంచి వచ్చింది. నాన్నకి పోయింది ఆ లోపలి దారి. నోరైనా, బలపమైనా ఆ దారినే రావాలి. తెలివి వేరు, భాష వేరు, గొంతు వేరు. ఈ మూడూ వేరువేరని బీఎడ్ చదివిన నాకు కూడా ఆ పలక చూసేదాకా తెలీదు.

బయటికి కనిపించని నష్టాలు ఇంకా ఉన్నాయి. మా వీధి చివరింటి మామ్మగారికి అంతకు రెండేళ్ళ ముందు కుడి మెదడుకి స్ట్రోక్ వచ్చింది. ఆవిడ శుభ్రంగా మాట్లాడేది, పురాణం చెప్పేది. కానీ కంచంలో కుడి సగం అన్నమే తిని లేచిపోయేది. ఎడమ సగం అన్నం, కూర, పచ్చడి అలాగే గీత గీసినట్టు మిగిలిపోయేవి. "ఇంకా ఆకలేస్తోందే" అని మళ్ళీ వడ్డించమనేది. ముసలిదానికి మొండితనం ఎక్కువైందని కోడలు కన్నీళ్ళు పెట్టుకునేది. కళ్ళకి ఏ లోపం లేదు. మెదడే ఎడమ పక్క లోకాన్ని లెక్కలోంచి తీసేసింది. ఆ సంగతి ఫిజియోథెరపిస్టు దగ్గర విని నేను వెళ్ళి చెప్పాను. ఆ రోజు నుంచి కోడలు సగం భోజనమయ్యాక కంచాన్ని గిర్రున తిప్పి పెట్టేది. మామ్మగారు మిగతా సగం తినేసేది. ఇంట్లో ఏడుపు ఆగడానికి కావలసింది ఆ మాత్రం తెలియడమే.

మూడో నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. అందరం అరుగు మీద ఉన్నాం. ఉన్నట్టుండి నాన్న పద్యం అందుకున్నారు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యం. కుర్రతనంలో ఆయన ఊళ్ళో ఆ వేషం వేసేవారు. ఒక్క అక్షరం పోలేదు, రాగం తీసి, ఆఖర్న సాగదీసి మరీ పూర్తిచేశారు. అమ్మ పరుగెత్తుకెళ్ళి దేవుడికి దీపం పెట్టింది. మాట వచ్చేసిందనుకున్నాం. "నాన్నా, మంచినీళ్ళు కావాలా?" అన్నాను. నా వైపు చూసి "రైట్" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు ఫోన్లో, నాన్నకి మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టుతో చెబితే ఆ అమ్మాయి సంతోషపడింది. "టీచర్ గారూ, అది మంచి గుర్తు" అంది. కంఠతా వచ్చిన పద్యం, పాట, అంకెలు, వారాల పేర్లు, తిట్లు, దేవుడి పేరు: ఇవి నోటికి అలవాటైన వరసలు. ఒక్కో మాటనీ వెతికి తెచ్చి వాక్యంగా పేర్చే పని వీటికి అక్కర్లేదు. రాగంలో కుడి మెదడు కూడా చెయ్యి వేస్తుంది. ఆ సంగతి పట్టుకునే 1973లో బోస్టన్ వైద్యులు ఒక పద్ధతి తయారుచేశారు. చిన్న చిన్న మాటల్ని రాగంలా పలికిస్తూ, ఎడమచేత్తో తాళం వేయిస్తూ, మెల్లమెల్లగా రాగాన్ని తగ్గించుకుంటూ మాటలోకి దించుతారు. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. నాన్నకి కొంత పనిచేసింది. ఆ అమ్మాయి "మం-చి-నీ-ళ్ళు" అని రెండు స్వరాల్లో పాడేది, ఆయన ఎడమ అరచేత్తో తొడ మీద కొట్టేవారు. పంతొమ్మిదో రోజుకి "మంచీ..." దాకా వచ్చింది.

ఆ అమ్మాయే ఇంకోటి కనిపెట్టింది. ఆయన డ్యూటీ చేసిన రూట్ ఏదని అడిగి స్టాపుల పేర్లు రాసుకుంది. "కడియం..." అని అందించి ఆగింది. నాన్న అందుకున్నారు: "ద్వారపూడి, అనపర్తి, బలభద్రపురం, బిక్కవోలు, సామర్లకోట." గడగడా. కానీ మధ్యలో ఉన్న బిక్కవోలు ఒక్కటే చెప్పమంటే రాదు. కడియంలో బయల్దేరితేనే బిక్కవోలు చేరతారు. అంకెలూ అంతే. మూడు అనాలంటే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వచ్చి మూడు దగ్గర ఆగాలి. నడుస్తున్న బస్సుని ఆపడం నేర్చుకోవాలి. అదే ఆయన చదువైంది.

ఇక్కడ నన్ను కాల్చే సంగతి ఒకటి చెప్పాలి. తొందరపడాల్సిన ఆరు గంటలు మేం తాపీగా గడిపేశాం. తాపీగా ఉండాల్సిన నెలల్లో తొందరపడ్డాం. ఆయన నోరు తెరిచి మాట కోసం వెతుకుతుంటే నాలుగు సెకన్లు కూడా ఆగలేకపోయేవాళ్ళం. "నీళ్ళా? పడుకుంటావా? పేపరా?" అని మేమే ప్రశ్నలు గుమ్మరించేవాళ్ళం. ఒక్కో ప్రశ్నా ఆయన వెతుకుతున్నదాన్ని చెరిపేసేది. పది సెకన్లు ఊరుకోండి అంది స్పీచ్ థెరపిస్టు. లోపల పది లెక్కపెట్టి చూడండి, ఎంత పొడుగ్గా ఉంటుందో. బళ్ళో నేను ఏ పిల్లాడికీ అంత టైమిచ్చిన గుర్తు లేదు. ఇప్పుడిస్తున్నాను. అర్థమవుతున్నా చెప్పలేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురుంటారు.

తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. వాడి దగ్గర మూడు నెలలుంచి వైద్యం చేయించాం. థెరపీ కోసం ఎదురుచూసే బల్ల మీద మా పక్కన ఒక పాతబస్తీ పెద్దాయన కూర్చునేవారు. తెలుగు మాట దొరక్కపోతే ఉర్దూ మాట వచ్చేది, అదీ దొరక్కపోతే రెండూ కలిసి ఏదో ఒకటి వచ్చేది, భార్యకి అర్థమైపోయేది. ఆయన్ని చూశాకే నిమ్స్ డాక్టర్ల పరిశోధన ఒకటి వెతుక్కుని చదివాను. సువర్ణ అల్లాడి గారు, వారి బృందం 608 మంది స్ట్రోక్ రోగుల్ని పరిశీలించి 2016లో ప్రచురించారు. రెండు భాషలు, అంతకన్నా ఎక్కువ వచ్చినవాళ్ళలో 40.5 శాతం మందికి స్ట్రోక్ తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం, ధ్యాస మామూలుగా ఉన్నాయి. ఒక్క భాషే వచ్చినవాళ్ళలో అలా ఉన్నది 19.6 శాతమే. మాట పోవడం మాత్రం ఇద్దరిలోనూ ఒకేలా ఉంది. హైదరాబాదు వీధుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడటాన్ని సంకరమని ఈసడించే పెద్దలుంటారు. ఆ కలయిక ఎందరి మెదడుకో గట్టు కట్టిందని ఆ అంకెలు చూస్తే నమ్మాలనిపిస్తుంది.

చెయ్యి సంగతి వేరే కథ. ఫిజియోథెరపిస్టు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడు. నాన్న రెండు రోజులు నొక్కి మంచం కిందికి తోసేశారు. అమ్మ బీరువాలోంచి ఆయన పాత క్యాష్‌ బ్యాగు తీసింది, తోలు పగుళ్ళిచ్చిన సంచి. అందులో రూపాయి, రెండు, ఐదు బిళ్ళలు కలిపి పోసి ఒళ్ళో పెట్టింది. ఆయన కాసేపు చూసి, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి సంచిలో పెట్టుకున్నారు. మొదటి రోజు వేళ్ళు బిళ్ళల మీద ఊరికే పడి ఉన్నాయి. వారానికి ఒక బిళ్ళ అంచు లేచింది. నెలకి ఒకటి పైకొచ్చి జారిపోయింది. రోజుకి మూడు వందల సార్లు. నేను లెక్కపెట్టేదాన్ని, ఆయన వినేవారు. ఐదు రూపాయల బిళ్ళ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిచి, సంచి దాటి, నా అరచేతిలో పడటానికి ఏడు నెలలు పట్టింది.

ఎందుకన్ని సార్లు? న్యూయార్కులో పెద్రో బాకి రీటా అనే ప్రొఫెసరుకి 1959లో స్ట్రోక్ వచ్చి ఒక పక్కంతా పడిపోయింది, మాట పోయింది. వైద్యులు ఆశ వదిలేశారు. వైద్యవిద్యార్థి అయిన కొడుకు జార్జ్‌కి పునరావాసం గురించి ఏమీ తెలీదు. అందుకని పసిపిల్లలకి నేర్పినట్టు తండ్రికి పాకడం దగ్గర నుంచి నేర్పాడు, గోడకి భుజం ఆనించి. గిన్నెలు తోమించాడు. ఆయన మళ్ళీ పాఠాలు చెప్పే ఉద్యోగానికి వెళ్ళాడు. 1965లో కొలంబియాలో కొండ ఎక్కుతుండగా గుండె ఆగి పోయాడు. తల తెరిచి చూస్తే పాత గాయం అంత పెద్దదీ అలాగే ఉంది, మానలేదు. ఆయన ఇంకో కొడుకు పాల్ మెదడు శాస్త్రవేత్త. పాడైన చోటు పని పక్క చోట్లు నేర్చుకోగలవని జీవితమంతా నిరూపిస్తూ పోయాడు. దీన్ని నాన్నకి చెప్పడానికి నాకు పెద్ద మాటలు అక్కర్లేకపోయింది. వంతెన కూలితే బస్సు ఏ ఊళ్ళ మీదుగా తిప్పి తీసుకెళ్ళాలో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. ఆలస్యమవుతుంది, కుదుపులుంటాయి, కానీ చేరుతుంది.

అయితే ప్రేమ ఉంటే చాలు, ఇంట్లోవాళ్ళే అంతా చూసుకోవచ్చు అనేవాళ్ళకి ఒక నిజం చెప్పాలి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మందితో ఒక పెద్ద పరిశీలన జరిగింది, ఫలితం 2017లో వచ్చింది. సగంమంది ఇంట్లోవాళ్ళకి తర్ఫీదిచ్చి పునరావాసం వాళ్ళ చేతుల్లో పెట్టారు, మిగతా సగానికి మామూలు వైద్యం. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్ళు, ఇంకొకరి మీద ఆధారపడేవాళ్ళు కలిపి రెండు వైపులా 47 శాతమే. తేడా లేదు. అది చదివి నేను కోప్పడ్డాను, తర్వాత అమ్మ వైపు చూసి నిజమేననుకున్నాను. ఆవిడ నడుము అప్పటికే వంగిపోయింది. నాన్నని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగేది, దానివల్ల భుజం కీలు జారి ఆయన రెండు నెలలు నరకం చూశారు. ప్రేమతోనే లాగింది. లాగకూడదని చెప్పేవాళ్ళు లేరు. ప్రతి మండలంలో బీపీ చూసే నర్సు ఉన్నట్టే, చెయ్యి ఎలా పట్టుకోవాలో, మింగడం ఎలా నేర్పాలో, మాట ఎలా లాగాలో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. ఇది ప్రభుత్వాలు చెయ్యాల్సిన పని, కోడళ్ళ మీదా భార్యల మీదా వదిలేసే పని కాదు.

ఆ ఏడాది మధ్యలో నాన్న ఏడుపు మొదలెట్టారు. టీవీలో సబ్బు ప్రకటన చూసి ఏడ్చేవారు. కొంత మెదడు గాయం వల్ల పట్టు తప్పి వచ్చే ఏడుపట. కానీ దాని కింద అసలైన దిగులు కూడా ఉంది. స్ట్రోక్ వచ్చిన ప్రతి ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందుంది, మందిస్తే థెరపీ కూడా బాగా పట్టుకుంటుంది. మందు మొదలెట్టిన ఆరో వారం ఆయన మళ్ళీ అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆరు నెలలు దాటితే ఇంక ఇంతే అని మాకు చాలామంది చెప్పారు. మొదటి మూడు నెలల్లో వచ్చే మార్పు వేగంగా ఉంటుందన్న మాట నిజం. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. స్వీడన్ కవి టోమస్ ట్రాన్‌స్ట్రోమర్‌కి 1990లో స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, మాట పోయాయి. ఎడమచేత్తో పియానో వాయించుకుంటూ, కొద్ది మాటల్లో కవిత్వం రాస్తూ బతికాడు. 2011లో నోబెల్ ఇచ్చారు.

నాన్నకిప్పుడు రెండు మూడు మాటల ముక్కలొస్తాయి. క్రియలు రావు. మన భాషలో వాక్యానికి తోక అంతా క్రియలోనే ఉంటుంది, ఎవరు, ఎప్పుడు, ఆడా మగా అన్నీ అక్కడే. ఆ తోక లేకుండా మాట్లాడతారు. మొన్న వేసవి ఒంటిపూట బళ్ళప్పుడు నేను గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచారు. "అమ్మాయ్... బడి... ఎండ..." పది లెక్కపెట్టాను. "గొడుగు."

2019 సంక్రాంతికి ముందు ఆయన్ని సామర్లకోట భీమేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళాం. అనపర్తిలో బస్సెక్కాం. కండక్టరు కుర్రాడు మిషను పట్టుకుని వచ్చి "ఎక్కడికి బాబాయ్ గారూ?" అన్నాడు. నేను చెప్పబోతే అమ్మ నా మోకాలు నొక్కింది. నాన్న పెదాలు కదిలాయి. అనపర్తి, బలభద్రపురం, బిక్కవోలు. బస్సు నిండా జనం, వెనక ఎవరో చిల్లర కోసం అరుస్తున్నారు. ఆ కుర్రాడు నిలబడ్డాడు. "సామర్లకోట" అన్నారు నాన్న. మళ్ళీ పెదాలు కదిలాయి. ఒకటి, రెండు. "మూడు." కుర్రాడు టికెట్లు చింపి నాన్న చేతిలోనే పెట్టాడు.

ఇది చదువుతున్న మీకు ఒక పని చెబుతాను, వాయిదా వెయ్యకండి. మీ ఊరికి దగ్గరలో రాత్రీ పగలూ తలకి స్కానింగు తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చే ఆసుపత్రి ఏదో ఇవాళే ఫోను చేసి కనుక్కోండి. దాని పేరు, నంబరు కాగితం మీద రాసి గోడకి అంటించండి. దాని కింద ఇవి కూడా రాయండి: మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా, తూలి పడిపోతున్నా, గడియారం చూసి టైము రాసుకోవాలి, 108కి ఫోను చెయ్యాలి, నోట్లో నీళ్ళు గానీ మాత్ర గానీ పెట్టకూడదు. మా ఇంట్లో ఆ కాగితం ఇప్పుడు క్యాలెండరు పక్కనుంది. ఆ రోజు లేదు.